పన్నెండు యంత్రాల ఎండాకాలం

మా మరిది మా ఇల్లు వదిలి వెళ్ళింది ఆ ఎండాకాలంలోనే. ఎవరూ పొమ్మనలేదు. కానీ అతన్ని వెనక్కి తేగలిగే మాట ఒకటి నా దగ్గరుంది. దాన్ని నేను రోజుల తరబడి నోట్లోనే పెట్టుకున్నాను.

అప్పటికి ఇంట్లో ముగ్గురం. నేను, మా అమ్మాయి, మా ఆయన తమ్ముడు. ఆయన పోయాక కూడా మరిది వెనక గదిలోనే ఉండిపోయాడు. తుక్కు దుకాణాల్లో పాత ల్యాప్‌టాపుల బ్యాటరీలు ఏరుకొచ్చి, వాటిని కోసి, లోపలి గుండ్రటి సెల్లులు బయటికి తీయడం అతని పని. వీధిలో అందరూ తుక్కు బాబాయి అనేవారు. అమ్మాయి పని ముందుగదిలో. అరచేతికన్నా కాస్త పెద్దగా ఉండే చేతి కంప్యూటర్లకు మార్పులు చేర్పులు చేసి ఇచ్చేది. పైన తెర, కింద బొటనవేళ్ళతో నొక్కే మీటలు. వెనకమూత ఎనిమిది స్క్రూలు విప్పితే అంతా విడివిడి ముక్కలే. తెర, మీటల పలక, మెదడులాంటి బోర్డు, సెల్లులు కూర్చోబెట్టే పలక. ఏది చాలకపోతే అది తీసి ఇంకోటి పెట్టుకోవచ్చు. లోపల నడిచేది లినక్స్ అని చెప్పేది. అంటే ఏమిటే అని అడిగితే, "మూత విప్పితే కోప్పడనిది అమ్మా" అనేది.

ఎండలు ముదరకముందే సర్వేయరమ్మ వచ్చింది. ఊళ్ళూళ్ళూ తిరిగి బావుల్లో, బోర్లలో నీళ్ళు ఎంత లోతుకు పోయాయో కొలిచే పని ఆవిడది. ఆవిడ కింద పన్నెండు మంది నడిచేవాళ్ళు. తాడు చివర కొలిచే గొట్టం బావిలోకి వదిలితే లోతు వాళ్ళ చేతి కంప్యూటరులోకి ఎక్కుతుంది.

"మావాళ్ళు పొద్దున ఆరింటికి బయల్దేరతారమ్మా. పదింటికల్లా ఇది కన్ను మూసేస్తుంది. ఎండలో తెర కనపడదు. పట్టుకుంటే పెనంలా ఉంటుంది" అంది, యంత్రాన్ని బల్లమీద పెట్టి.

వెనక గదిలోంచి తొంగిచూసిన మరిది, "పదింటికే కునుకా? మా అన్నయ్య పోలికే" అన్నాడు. సర్వేయరమ్మ నవ్వలేదు. ఆవిడ ముఖం అప్పటికే ఎండకు వాడిపోయి ఉంది.

మొత్తం పన్నెండు యంత్రాలు. అమ్మాయి చెయ్యాల్సినవన్నీ కాగితం మీద రాసుకుంది. రెండు సెల్లుల చోట నాలుగు. నాలుగు పట్టేలా లోతైన వెనకమూత. మ్యాపులు తిరగేయడానికి రెట్టింపు మెమరీ ఉన్న బోర్డు, ఆ బోర్డు వేడిని లాగడానికి ఒక రాగి రేకు. ఫోను అందని చోటనుంచి కూడా కొలతలు పంపడానికి ఒక రేడియో ముక్క, దాని యాంటెన్నాకు మూతలో ఒక కన్నం. తెరమీద మెరుపు చంపే పొర. ఎండాకాలం సగంలోపల అన్నీ ఇచ్చెయ్యాలి. బావులు పూర్తిగా ఎండిపోతే కొలవడానికి ఏమీ ఉండదు.

"నా ఒక్కదానివల్ల కాదు. అమ్మా, సెల్లులు నువ్వు బిగించు" అంది అమ్మాయి.

అంతవరకూ ఆ గదిలో నా పని ఊడవడం, కిందపడ్డ స్క్రూలు ఏరిపెట్టడం. బల్ల దగ్గర నాకు కుర్చీ వెయ్యడం అదే మొదలు. నేను అక్షరాలు నేర్చుకుంది యాభై ఎనిమిదో ఏట, ఆయన పోయిన తర్వాత, గ్రంథాలయం వెనక గదిలో నడిచే సాయంత్రపు బడిలో. అప్పటికి రెండేళ్ళయింది. దారిలో ప్రతి బోర్డూ పైకి చదువుతూ నడిచేదాన్ని. మరిది నన్ను పంతులమ్మ అని పిలవడం మొదలుపెట్టాడు. మూత బిగించే ముందు లోపల ఒక చిన్న చీటీ అంటించాలి. తేదీ, యంత్రం నంబరు, బిగించినవాళ్ళ సంతకం. మొదటి చీటీమీద సంతకం పెట్టడానికి ఎంతసేపు పట్టిందంటే, అమ్మాయి ఆ లోపల రెండు బోర్డులు మార్చేసింది.

సెల్లుల సంగతి కొంచెం చెప్పాలి. తుక్కులోంచి తీసిన సెల్లు నిండా చార్జింగు పట్టిందంటే మంచిదని కాదు. దాన్ని వారం రోజులు కదపకుండా పెట్టాలి. మా ఇంట్లో దాన్ని నిద్రపుచ్చడం అనేవాళ్ళం. వారం తర్వాత మీటరు పెట్టి చూస్తే, నిద్రలో తనంతట తానే కారిపోయిన సెల్లు తెలిసిపోతుంది. అలాంటిది పని మధ్యలో కూలబడుతుంది, పక్క సెల్లుల చార్జి తాగేసి వేడెక్కుతుంది. చూడటానికి మాత్రం రెండూ ఒకటే. మరిది రెండు బిస్కెట్ డబ్బాలు పెట్టుకున్నాడు, ఒకే కంపెనీవి. గెలిచినవి ఒకదాంట్లో, ఓడినవి ఒకదాంట్లో. ఓడినవాటిని డబ్బా నిండాక తీసుకెళ్ళి తుక్కు దుకాణంలో అప్పగించి వచ్చేవాడు. డబ్బాలమీద పేర్లు తనే రాశాడు, లావు మార్కరుతో, తన వంకర అక్షరాలతో. అక్కడ కూడా అతను వేళాకోళం మానలేదు.

పై అరలో డబ్బా మంచిది, కింది అరలో డబ్బా చెడ్డది. ఆ సంగతి నేను చదివి తెలుసుకోలేదు, చూసి తెలుసుకున్నాను. మొదటి అయిదు యంత్రాలకూ పై అరలోంచే తీశాను.

మూతలు అచ్చుపోసే యంత్రం బయట వరండాలో ఉండేది. ఎండ వేడికి మూతలు వంకరపోతున్నాయని ఒకరోజు మరిది దాన్ని లోపలికి తెచ్చి, అరలు ఖాళీచేసి అక్కడ పెట్టాడు. డబ్బాలు రెండూ కిటికీ కింద నేలమీదికి వచ్చాయి, పక్కపక్కన. ఆరో యంత్రానికి సెల్లులు తీయడానికి వంగాను. పైనా లేదు, కిందా లేదు. ఫరవాలేదు, చదువుకున్నదాన్నే కదా అనుకున్నాను. ఎడమచేతి వైపున్న డబ్బామీద చూశాను. మొదట మ, పక్కన సున్నా, తర్వాత చ, చివర వి. మంచివి. చదివేశాను. రెండోదాని మీద ఏముందో చూడలేదు. ఇది మంచివైతే అది ఏమిటో వేరే చదవాలా?

ఆ పూట నాకు ఎంత సంతోషంగా ఉందంటే, మధ్యాహ్నం టీలో చక్కెర రెండుసార్లు వేశాను. "పంతులమ్మ ఏదో పరీక్ష పాసైనట్టుంది" అన్నాడు మరిది. నేను చెప్పలేదు. డబ్బామీద ఒక మాట చదివానని చెప్పుకోవడానికి సిగ్గేసింది.

అలా ఏడు యంత్రాలు బిగించాను. ఇరవై ఎనిమిది సెల్లులు. ఏడు సంతకాలు.

యంత్రాలు వెళ్ళిన రెండోవారంలో సర్వేయరమ్మ తిరిగి వచ్చింది. ఎండలో నడిచి వచ్చినా కుర్చీలో కూర్చోలేదు. సంచిలోంచి ఏడు యంత్రాలు ఒక్కొక్కటీ తీసి బల్లమీద వరసగా పెట్టింది.

"నాలుగు మధ్యలో ఆగిపోయాయి. రెండింట్లో రాసుకున్న కొలతలు పోయాయి. ఆ ఊళ్ళకు మళ్ళీ వెళ్ళాలి, నలభై బావులు. ఇదిగో, ఇది సంచిలోనే కాలింది. మాతో నడిచే పిల్ల నడుము మీద అరచేతంత బొబ్బ లేచింది."

అమ్మాయి ఆ చివరిది తీసుకుని మూత విప్పింది. ప్లాస్టిక్ ఒక మూల కరిగి ముడతలు పడింది. లోపల సెల్లుల పచ్చ తొడుగులు నల్లగా కమిలిపోయాయి. చీటీమీద నా సంతకం సగం మిగిలింది.

"మిగతా అయిదూ?" అంది అమ్మాయి.

"అవి బావున్నాయి. మొదట ఇచ్చినవి. సాయంత్రందాకా నడుస్తున్నాయి."

అమ్మాయి కాసేపు లెక్క వేసుకుంది. తను తొందరపెట్టడం మొదలుపెట్టింది అయిదో యంత్రం తర్వాతే. వెనక గది వైపు తిరిగి పిలిచింది. "బాబాయ్, ఇలా రా."

మరిది చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. విప్పిన యంత్రం వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. ఎందుకు చూశాడో నాకు అప్పుడు అర్థం కాలేదు.

"నిద్రపుచ్చావా వీటిని?"

"పుచ్చాను."

"వారం రోజులూ?"

"వారం రోజులూ."

"అబద్ధమాడకు బాబాయ్. నేను తొందరపెట్టాను, నువ్వు రెండు రోజులకే తీసి ఇచ్చేశావ్. తప్పు నాది కూడా, ఒప్పుకుంటా. కానీ నాకు చెప్పాలి కదా! ఒక పిల్ల ఒళ్ళు కాలింది."

మరిది చేతులు మళ్ళీ తుడుచుకున్నాడు. ఎప్పుడూ నోరు ఊరుకోని మనిషి. సర్వేయరమ్మ కిటికీలోంచి బయటికి చూస్తోంది, ఈ ఇంటి గొడవ తనకెందుకన్నట్టు.

"చెప్పు బాబాయ్!"

"ఏం చెప్పమంటావ్?" అన్నాడు. అంతే. వెనక గదిలోకి వెళ్ళాడు. సర్వేయరమ్మ వెళ్ళిన గంటకు ఒక సంచీ, తలగడా పట్టుకుని బయటికి వచ్చాడు. మీటరు మాత్రం బల్లమీద పెట్టాడు. "ఇది నీకు పనికొస్తుంది" అని అమ్మాయితో అన్నాడు. నేను గుమ్మం దగ్గరే ఉన్నాను. ఉండవయ్యా, ఎండ తగ్గాక వెళుదువుగాని అన్నాను. ఆగలేదు.

నాకు నిజం తెలిసింది మర్నాడు పొద్దున.

ఏడు యంత్రాలకూ కొత్త సెల్లులు కావాలి. అమ్మాయి మీటరు పట్టుకుని కూర్చుంది. "డబ్బా తీసుకురా అమ్మా, అన్నీ మళ్ళీ నేనే చూస్తాను" అంది. నేను ఎడమవైపు డబ్బా ఎత్తాను. తేలిగ్గా ఉంది. పక్కదాని మూత తీశాను. నిండా ఉంది. మరిది ఏరినవాటిలో మంచివి ఇంత తక్కువ, ఓడినవి ఇన్నా? రెండు డబ్బాలూ దగ్గర పెట్టుకుని నేలమీద కూర్చున్నాను. ఈసారి వేలు పెట్టి, బడిలో లాగా ఒక్కో అక్షరం చదివాను.

మ అనే అక్షరానికి పుట్టుకతోనే ఒక కొమ్ము ఉంటుంది. దానికి ఇంకో కొమ్ము పెడితే ము. ఆ రెండో కొమ్ము మరిది రాతలో సున్నాలో కలిసిపోయింది. చ నెత్తిమీద ఉన్నది గుడి కాదు, ఏత్వం. ముంచేవి. నేను తీసింది ముంచేవి. పక్క డబ్బామీద మంచివి అని శుభ్రంగా ఉంది, దాన్ని నేను ఒక్కసారి కూడా చదవలేదు.

"ఏమ్మా, దొరకలేదా?" అంది అమ్మాయి లోపల్నుంచి.

నేను మంచివి డబ్బా తీసుకెళ్ళి ఇచ్చాను.

ఆ రోజు చెప్పలేదు. ఆ మర్నాడూ చెప్పలేదు. అమ్మాయి ఒక్కో సెల్లుకూ మీటరు పెట్టి, "ఇది బావుంది. ఇదీ బావుందే. మరి అవెందుకట్లా ఇచ్చాడు?" అని తనలో తను గొణుక్కుంటుంటే, పక్కన కూర్చుని స్క్రూలు విప్పుతూ విన్నాను. ప్రతి మూత కిందా నా సంతకమే కనిపించేది. చెబితే ఆ కుర్చీ పోతుందని భయం. ఇంట్లో ఊడ్చుకునే మనిషిని మళ్ళీ అవుతానని భయం. సాయంత్రపు బడికి వెళ్ళడం మానేశాను. ఎందుకు రావడం లేదని అడగడానికి టీచరమ్మ ఇంటికి వస్తే ఒంట్లో బాగాలేదన్నాను. అది అబద్ధమేమీ కాదు. అన్నం దిగేది కాదు. ఎండలు కూడా అలాగే కాశాయి. మధ్యాహ్నం వీధిలో కుక్క కూడా కనపడేది కాదు. అమ్మాయి కళ్ళు రెండూ ఎర్రబడ్డాయి. సెల్లులు ఏరే పని కూడా తన మీదే పడి, రోజుకు ఒక యంత్రం కూడా తెమలడం లేదు.

పదకొండో రోజున నాలుగో యంత్రం మూత విప్పుతూ అమ్మాయి అంది. "బాబాయి లేకపోతే పని ఇంత బరువుంటుందని అనుకోలేదమ్మా. అలాగని మళ్ళీ ఎలా నమ్మను?"

నేను లేచి రెండు డబ్బాలూ తెచ్చి బల్లమీద పెట్టాను.

"ఇది మంచివి" అన్నాను, వేలు పెట్టి చూపిస్తూ. "ఇది ముంచేవి. నేను దీన్ని కూడా మంచివి అనే చదివాను. అచ్చు యంత్రం లోపలికి తెచ్చిన దగ్గర్నుంచి ఇందులోంచే తీశాను."

అమ్మాయి డబ్బాల వైపు చూసింది. నా వైపు చూసింది. చేతిలో పట్టకారు అలాగే ఉంది.

"నీకు చదవడం వచ్చు కదమ్మా?"

"వచ్చు. అంతలా రాలేదు."

"ఎప్పుడు తెలిసింది?"

"బాబాయి వెళ్ళిన మర్నాడు."

అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది. అది పట్టకారు కింద పెట్టి, రెండు చేతులతో ముఖం రుద్దుకుంది, నిద్రలేచినవాళ్ళలాగా.

"నేను ఆయన్ని ఆవిడ ముందు అబద్ధాలకోరన్నాను" అంది.

"పద, ఇద్దరం వెళ్దాం."

"నువ్వెళ్ళు. నేనొస్తే మళ్ళీ ఏదో ఒకటి అంటాను, నాకు ఓపిక లేదు. ముందు సర్వేయరమ్మకు ఫోన్ చేసి చెప్పాలి, తప్పు మా బల్ల దగ్గరే జరిగిందని." పట్టకారు మళ్ళీ అందుకుని, "ఆ మిగిలిన మూడిటి స్క్రూలు విప్పేసి వెళ్ళు" అంది.

విప్పేసి వెళ్ళాను.

మరిది పడుకుంటున్న తుక్కు దుకాణం పెద్దరోడ్డు చివర. రేకుల షెడ్డు, లోపల పాత యంత్రాల గుట్టలు. మరిది ఒక మూల పీట వేసుకుని బ్యాటరీ పెట్టె కోస్తున్నాడు. వెనక గోడకు ఆనించి మంచం, దాని మీద మా ఇంటి తలగడ. నన్ను చూసి లేవలేదు. కాలితో ఇంకో పీట నా వైపు తోశాడు.

"ఎండన పడి వచ్చావేం వదినా?"

"ఆ సెల్లులు నేనే తప్పు డబ్బాలోంచి తీశానయ్యా."

"తెలుసు."

"ఎలా తెలుసు?"

"పచ్చ తొడుగువి. అన్నీ ఒకే లాటులో వచ్చాయి, ఒక్కటి కూడా వారం నిలవలేదు. అన్నీ ముంచేవిలో వేశాను. విప్పిన యంత్రంలోకి చూడగానే పచ్చవి కనపడ్డాయి. బిగించేది నువ్వు ఒక్కదానివే."

"మరి చెప్పలేదేం?"

బ్యాటరీ పెట్టె అంచున కత్తి దూర్చి జాగ్రత్తగా విరిచాడు. "అది నన్ను అడగలేదు వదినా, నిలదీసింది. అడిగితే చెప్పేవాణ్ణేమో. పైవాళ్ళ ముందు వేలెత్తి వదినే అనాలా నేను? నువ్వే చెప్తావులే అనుకున్నాను. గుమ్మం దగ్గర చెప్తావనుకున్నాను. సాయంత్రానికి వస్తావనుకున్నాను. మర్నాడు రోడ్డు చివర ఎవరో చీర కట్టుకుని వస్తుంటే నువ్వేననుకుని లేచాను కూడా."

"ఆ పూటకి నాకు తెలీదు. ఒట్టు. మర్నాడు తెలిసింది."

"మర్నాడు తెలిసింది కదా!"

షెడ్డు బయట ఎవరో రేకులు దించుతున్నారు, ఆ చప్పుడు అయిపోయేదాకా నేను అతను కోసిన పెట్టె ముక్కలు ఏరి ఒకచోట పెట్టాను.

"ముందు దానికి చెప్పావా, నాకా?" అన్నాడు.

"దానికే."

"ఊఁ." సెల్లు ఒకటి బయటికి తీసి, ఎండ వెలుగులో తిప్పి చూసి, పక్కన పెట్టాడు. "ఆ పిల్ల పుండు ఎలా ఉంది?"

"మానుతోందట. మచ్చ ఉండిపోతుందట."

"మచ్చ ఉండిపోతుంది" అన్నాడు, నా మాటే మళ్ళీ.

"ఇంటికి రావయ్యా. తప్పంతా నాది. అమ్మాయి కూడా చచ్చేంత బాధపడుతోంది."

"రాను వదినా. కోపంతో కాదు. ఇక్కడ నామీద ఎవరికీ నమ్మకం లేదు, హాయిగా ఉంది." ఆ మాటకు తనే కొంచెం నవ్వాడు. "పనికి వస్తానులే. పన్నెండూ పూర్తవ్వాలి కదా. దాని చేతిలో మీటరు పెట్టి వచ్చాను గానీ, దానికి అది పట్టుకోవడం కూడా సరిగ్గా రాదు."

అన్నమాట ప్రకారం మర్నాడు పొద్దున ఎనిమిదింటికి వచ్చాడు. అమ్మాయి లేచి నిలబడింది. "బాబాయ్, నేను..." అంది. "ముందు ఆ రాగి రేకు ఇటివ్వు, వంకరగా అంటించావ్" అన్నాడు. క్షమాపణ అక్కడితో అయిపోయింది. వారంలో ఏడు యంత్రాలూ పూర్తిచేశాం. నా కుర్చీ కూడా ఎవరూ తీయలేదు. సెల్లులు నేనే బిగిస్తున్నాను. కాకపోతే నేను తీసిన ప్రతి సెల్లునూ అమ్మాయి చూస్తుంది. అమ్మాయి చూసిందాన్ని మరిది చూస్తాడు. మరిది చూసిందాన్ని, "నువ్వు కూడా చదువు వదినా, పైకి చదువు" అని నా చేత అంకె చదివిస్తాడు. చీటీమీద ఇప్పుడు మూడు సంతకాలు. సర్వేయరమ్మ వచ్చి యంత్రాలు తీసుకెళుతూ, "పద్ధతంటే ఇలాగే ఉండాలి" అంది.

ఆ ఎండాకాలం తర్వాత మా ఇంట్లోంచి వెళ్ళిన యంత్రం ఒక్కటి కూడా తిరిగి రాలేదు. వానలు పడ్డాయి, ఇంకో ఊరినుంచి ఇరవై యంత్రాలకు కబురు వచ్చింది. ఒకరి మాట ఒకరం నమ్మాల్సిన అవసరం లేకుండా పని చక్కగా సాగిపోతోంది.

వెనక గదిలో ఇప్పుడు అట్టపెట్టెలు పెట్టుకున్నాం. సాయంత్రం అయిదు కొట్టగానే మరిది మీటరు కట్టేసి, చేతులు కడుక్కుని, తువ్వాలు భుజాన వేసుకుంటాడు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, "వెళ్ళొస్తాను వదినా" అంటాడు. ముప్పై ఏళ్ళు ఈ ఇంట్లో ఉన్న మనిషి, ఆ మాట నాతో ఒక్కనాడూ అనలేదు. రోజూ సరే వెళ్ళిరా అంటాను, చుట్టం వచ్చి వెళుతుంటే అన్నట్టు.